అర్జీలో అడిగిన ప్రశ్న: కోయంబత్తూరు, మదురై ప్రాంతాల్లో విద్యార్థి సహాయ చరిత్ర

కళాశాలలో చేరే విద్యార్థి ఉపకారవేతనం కోసం నింపే దరఖాస్తును చరిత్రకు ఆధారంగా ఎవరూ చూడరు. శాసనానికీ, కైఫీయతుకూ, తాళపత్రానికీ ఉన్న గౌరవం దానికి లేదు. పని తీరగానే అది చెత్తబుట్టలోకి పోతుంది. అయితే ఆ కాగితంలో ఏయే గడులు ఉన్నాయో ఒక్కసారి గమనించండి. తండ్రి ఆదాయం ఎంత? కులం ఏమిటి? మాతృభాష ఏది? ఇంట్లో ఇంతకు ముందు పట్టభద్రులు ఉన్నారా? ఇచ్చేవాడు అడిగేవాణ్ణి ఏ ప్రశ్న వేస్తున్నాడో చూస్తే, ఆ కాలపు సమాజం చదువుకు ఎవరిని అర్హులుగా భావించిందో తెలుస్తుంది.

కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉపకారవేతనాలు ఇటీవలి సంగతి. రాజు, సత్రం, జమీందారు, మిషను, మిల్లు యజమాని, కులసంఘం, రాష్ట్ర ప్రభుత్వం వేర్వేరు కాలాల్లో చేసిన సహాయం కథ అంతకంటె చాలా పాతది. తమిళనాట తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన కోయంబత్తూరు, మదురై ప్రాంతాలను తీసుకొని ఆ కథను స్థూలంగా పరిశీలించడమే ఈ వ్యాస లక్ష్యం. ఇక్కడి తెలుగువారు కొందరు దాతలుగానూ, కొందరు అర్థులుగానూ, మరికొందరు గుమ్మం బయటే నిలబడ్డవారుగానూ కనిపిస్తారు. ఈ మూడో వర్గాన్ని మరచిపోతే చరిత్ర సగమే అవుతుంది.

మాన్యాలు, సత్రాలు, వారాలు

మదురైలో నాయకరాజుల పాలన 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడితో మొదలైందని చరిత్రకారులు సాధారణంగా చెబుతారు. విజయనగర సైన్యాలతోనూ, వాటి వెనుకనూ బలిజలు, కమ్మవారు, రెడ్లు, రాజకంబళ నాయకులు, అరుంధతీయులు, ఇంకా అనేక వృత్తులవారు దక్షిణానికి వచ్చారు. నల్లరేగడి నేలలున్నచోట సేద్యగాళ్లు నిలిచారు. కోటలున్నచోట పాలెగాళ్లు నిలిచారు. పండితులు అగ్రహారాలలో కుదురుకున్నారు.

ఆ కాలంలో విద్యార్థి పోషణ ఎలా సాగిందో చెప్పే ఒక సాక్ష్యం బయటివాడి కలం నుంచి వచ్చింది. ఇటలీ నుంచి వచ్చిన జెసూట్ మతబోధకుడు రాబర్టో డి నోబిలి 1606లో మదురై చేరాడు. తమిళం, తెలుగు, సంస్కృతం నేర్చుకున్నాడు. 1610లో రాసిన ఒక లేఖలో మదురై నగరంలో పదివేలకు పైగా విద్యార్థులు వేర్వేరు గురువుల దగ్గర చదువుతున్నారని పేర్కొన్నాడు. గురువులకూ శిష్యులకూ భోజనం, బట్ట, ఇతర అవసరాలు తీర్చడానికి విజయనగర ప్రభువూ, మదురై నాయకుడూ నిధులు ఏర్పాటు చేశారని కూడా చెప్పాడు. పదివేలన్నది లెక్కించి రాసిన సంఖ్య అనుకోనక్కరలేదు. చూసినవాడికి కలిగిన అంచనాగా తీసుకోవాలి. కాని చదువుకునేవాడి కడుపు నింపడం పాలకుడి బాధ్యత అన్న భావం అప్పటికే బలపడి ఉందని దీనివల్ల స్పష్టమవుతున్నది.

అదే లేఖలో ఇంకొక మాట కూడా ఉంది. ఆ విద్యార్థులందరూ బ్రాహ్మణులే. అంటే నాటి సహాయానికి దరఖాస్తు అవసరం లేదు. పుట్టుకే దరఖాస్తు. పోషణ ఉదారమైనదే, కాని దాని ద్వారం ఇరుకైనది.

1689 నుంచి 1706 వరకు మనుమడి తరఫున రాజ్యమేలిన రాణి మంగమ్మ బాటసారుల కోసం బాటలూ సత్రాలూ కట్టించింది. మదురై రైల్వేస్టేషను దగ్గర ఆమె పేరుతో ఉన్న సత్రం ఈనాటికీ ఆ పేరు నిలబెడుతున్నది. సత్రం ఉన్న ఊళ్లో దూరం నుంచి వచ్చిన విద్యార్థికి ఒక పూట అన్నమూ, తల దాచుకునే చోటూ దొరికే అవకాశం ఉండేది. సత్రం లేనిచోట వారాలు ఉండేవి. వారంలో ఏడు రోజులు ఏడు ఇళ్లలో భోజనం చేసి, గురువు దగ్గర చదువుకునే ఆ పద్ధతిని తెలుగు సాహిత్యం చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు. వారాలబ్బాయి మన కథల్లోనూ ఆత్మకథల్లోనూ తరచుగా ఎదురవుతాడు. ఇల్లిల్లూ తిరిగి వారాలు కుదుర్చుకోవడం నోటితో చేసుకున్న అర్జీయే. అక్కడా అడిగే మొదటి ప్రశ్న ‘ఎవరి అబ్బాయివి?’ అన్నదే.

1822 నాటి లెక్కలు

నాయకరాజ్యం 1736లో అంతమైంది. ఆ తరువాత నవాబు, మైసూరు, కంపెనీ సేనలు ఈ ప్రాంతాలను మార్చి మార్చి తొక్కాయి. దానశాసనాల వెనుక ఉన్న అధికారమే మారిపోయినప్పుడు విద్యార్థి పోషణ ఏమైందన్నది సహజమైన ప్రశ్న. దీనికి కొంత సమాధానం మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జరిపించిన పాఠశాలల విచారణలో దొరుకుతుంది. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సలివన్ తన జిల్లాలో 763 వీధిబడులనూ, వేదం, ధర్మశాస్త్రం, జ్యోతిషం వంటివి నేర్పే 173 ఉన్నత విద్యాస్థానాలనూ లెక్క చూపాడు. ఈ రెండో కోవలో చదివేవారు సుమారు ఏడువందల మంది. అంటే సగటున ఒక గురువు దగ్గర నలుగురు. ఇవి పెద్ద భవనాలున్న కళాశాలలు కావు. మాన్యం అనుభవించే పండితుడు తన ఇంటి అరుగు మీద నడిపిన చిన్న బడులని ఊహించుకోవచ్చు. మదురై జిల్లా నుంచి అలాంటి కళాశాలలు లేవనే సమాధానం వెళ్లింది. అగ్రహారాలలో మాన్యం అనుభవిస్తూ వేదం చెప్పేవారు మాత్రం ఉన్నారు. 1610లో నోబిలి చూసిన మదురైకీ, 1823లో కలెక్టరు చూసిన మదురైకీ మధ్య ఉన్న తేడా గమనించదగింది. పోషకుడు పోతే పోషణ పోతుంది. రాజు వ్యక్తిగత దాతృత్వం మీద ఆధారపడిన విద్యకు ఉన్న బలహీనత ఇదే.

ఎట్టయపురంలో ఒక పద్యలేఖ

రాజ్యాలు పోయినా పాలెగాళ్లలో కొందరు జమీందార్లుగా మిగిలారు. మదురైకి దక్షిణాన ఉన్న ఎట్టయపురం అటువంటి సంస్థానం. పూర్వం మదురై నాయకుల పాళెపట్లలో అదీ ఒకటి. అక్కడి ప్రభువులు రాజకంబళ నాయకులు, ఇంటిభాష తెలుగు. తమ పూర్వులు చంద్రగిరి ప్రాంతం నుంచి వచ్చారని వారి వంశగాథ. ముత్తుస్వామి దీక్షితులు 1835లో తనువు చాలించింది ఈ ఊళ్లోనే.

ఆ ఊళ్లో 1882లో పుట్టిన సుబ్రహ్మణ్యం అనే బాలుడు తిరునల్వేలిలో ఉన్నత పాఠశాలలో చదువుతుండేవాడు. తండ్రి చిన్నస్వామి అయ్యర్ సంస్థానంలో కొలువు చేసినవాడు. ఎట్టయపురంలో పత్తి మిల్లు పెట్టి నష్టపోయాడు. ఇల్లు ఆర్థికంగా కుంగిపోయింది. 1897 జనవరిలో ఆ బాలుడు, అప్పటికి పదిహేనో యేట ఉన్నవాడు, తన చదువుకు సహాయం చేయమని ఎట్టయపురం జమీందారుకు తమిళంలో పద్యాలతో అర్జీ రాసుకున్నాడు. మరుసటి ఏడు తండ్రి చనిపోయాడు. బాలుడు కాశీలో మేనత్త ఇంటికి వెళ్లి చదువు కొనసాగించాడు. అతడే మహాకవి సుబ్రహ్మణ్య భారతి. 1904లో కొన్ని నెలలు మదురై సేతుపతి ఉన్నత పాఠశాలలో తమిళ పండితుడుగా పనిచేసినవాడూ అతడే.

ఈ ఘట్టం మన విషయానికి రెండు విధాల ముఖ్యం. మొదటిది, ఇది చేతికి దొరికే విద్యార్థి అర్జీ. తన ఇంటి పరిస్థితిని, చదువు మీద ఆసక్తిని, దాత కీర్తిని ఒకచోట చేర్చి చెప్పిన అర్జీ. ఈనాటి ‘మీ గురించి ఒక పుటకు మించకుండా రాయండి’ అన్న గడికి ఇది పూర్వరూపమే. రెండవది, తెలుగు ఇంట పుట్టిన జమీందారుకు అర్జీ తమిళంలో అందింది. ఇందులో వింత లేదు. దక్షిణాంధ్ర యుగమని సాహిత్య చరిత్రకారులు పేర్కొనే కాలంలో మదురై ఆస్థానంలో తెలుగు కావ్యాలూ వచనమూ వెలిశాయి. ఆ తరువాత పాలక కుటుంబాల ఇంటిభాష ఇంట్లోనే ఉండిపోయింది. ఊరి భాష కొలువుకూ బడికీ భాష అయింది. ఈ మార్పు ముందు ముందు విద్యాదానం స్వభావాన్ని కూడా నిర్ణయించింది.

మిషన్లు, మిల్లులు

పందొమ్మిదో శతాబ్దంలో విద్యార్థి పోషణకు కొత్త పద్ధతి తెచ్చినవి మిషన్లు. అమెరికన్ మదురై మిషన్ 1834లో పని ప్రారంభించింది. తిండి, బస చూపే హాస్టలు బడులు దాని పద్ధతిలో భాగం. 1881లో మొదలైన అమెరికన్ కాలేజి ఆ కృషి నుంచే పుట్టింది. ఇక్కడ అడిగే ప్రశ్న మారింది. పుట్టుక స్థానంలో విశ్వాసం వచ్చింది. అంతకు ముందు ఏ అగ్రహారమూ రానివ్వని పిల్లలకు ఈ ద్వారం తెరుచుకుందన్న మాట నిజం. దాని వెనుక మతప్రచార ఉద్దేశం ఉందన్న మాటా నిజమే.

కోయంబత్తూరులో మార్పు పత్తితో వచ్చింది. 1888లో స్టేన్స్ మొదటి నూలుమిల్లు పెట్టాడు. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్లు స్థాపించారు. నల్లరేగడిలో పత్తి పండించిన కమ్మవారి కుటుంబాలు క్రమంగా మిల్లు యజమానులయ్యాయి. పైకారా జలవిద్యుత్తు 1930ల్లో అందుబాటులోకి రావడంతో మిల్లులు మరింత పెరిగాయి. మిల్లుకు లెక్క రాసేవాడు కావాలి, యంత్రం తెలిసినవాడు కావాలి. ఈ అవసరమూ, పాత ధర్మబుద్ధీ కలిసిన చోట కొత్త రకం ధర్మనిధి పుట్టింది.

పీలమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడి కుమారులు నలుగురు: వెంకటస్వామి, రంగస్వామి, గంగా నాయుడు, నారాయణస్వామి. 1926లో ఆస్తి పంచుకున్నప్పుడు వారు నాలుగు వాటాలు కాక ఐదు వాటాలు వేశారు. ఐదో వాటా ధర్మానికి. ఆ మొత్తం నాటి విలువలో రెండు లక్షల రూపాయల పైచిలుకు. పి.ఎస్.జి. అండ్ సన్స్ చారిటీస్ అనే సంస్థకు అది పునాది. ఆ కుటుంబమే అంతకు రెండేళ్ల ముందు, 1924లో, పీలమేడులో ఒక పాఠశాల ప్రారంభించింది. 1926లోనే పారిశ్రామిక శిక్షణాలయం వచ్చింది. 1947లో ఆర్ట్స్ కాలేజి, 1951లో ఇంజనీరింగు కాలేజి వచ్చాయి.

ఆ పాఠశాల పేరు గమనించాలి: సర్వజన ఉన్నత పాఠశాల. ఒక కులం పేరు కాదు, ఒక భాష పేరు కాదు. సర్వజనులకూ అన్నమాట పేరులోనే ఉంది. నోబిలి లేఖలోని మదురైతో పోలిస్తే ఈ ఒక్క పదంలోనే మూడు శతాబ్దాల దూరం కనిపిస్తుంది. ఇంకొక తేడా కూడా ఉంది. రాజు ఇచ్చిన మాన్యం రాజు మనసు మీద, రాజ్యం నిలకడ మీద ఆధారపడింది. ధర్మానికి రాసిన ఐదో వాటా దస్తావేజు మీద ఆధారపడింది. దాత చనిపోయినా దస్తావేజు చనిపోదు. మన ప్రాంతంలో విద్యాసహాయం వ్యక్తి దయ నుంచి సంస్థ బాధ్యతగా మారిన ఘట్టంగా 1926ను చెప్పుకోవచ్చు.

ఇదే కోవలో మరికొన్ని పేర్లు చెప్పుకోవాలి. జి.డి. నాయుడు (1893-1974) పెద్దగా బడి చదువు లేనివాడు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య బస్సు నడపడంతో వ్యాపారం ప్రారంభించాడు. పనిచేస్తూ నేర్చుకోవడమే అసలు చదువని నమ్మాడు. 1945లో కోయంబత్తూరులో మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట వెలసిన సాంకేతిక విద్యాలయాలకు ఆయన చొరవే ముఖ్యం. తరువాత వచ్చిన ప్రభుత్వ ఇంజనీరింగు కాలేజికి మూలం అక్కడే ఉంది. 1956లో వి. రంగస్వామి నాయుడు విద్యాట్రస్టు తరఫున కోయంబత్తూరు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వెలసింది. 1963లో జి.ఆర్. గోవిందరాజులు, చంద్రకాంతి దంపతులు పి.ఎస్.జి.ఆర్. కృష్ణమ్మాళ్ మహిళా కళాశాల స్థాపించారు. ‘ఎవరి అబ్బాయివి?’ అని అడుగుతూ మొదలైన చరిత్రలో ఆడపిల్లల కోసం కూడా ఒక ధర్మసంస్థ ఇలా చేరింది.

గుమ్మం బయట నిలిచినవారు

‘సర్వజన’ అన్న పదం అందరికీ ఒకేసారి వర్తించలేదు. నాయకరాజుల కాలం నుంచీ ఇక్కడే ఉండి, ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతీయులు కోయంబత్తూరు, మదురై, తేని ప్రాంతాల్లో గణనీయంగా ఉన్నారు. తోలుపని, పొలంపని, పారిశుధ్యం వారి బతుకుదెరువులు. మిల్లు యజమాని మాట్లాడే తెలుగూ, ఆ వీధి ఊడ్చే మనిషి మాట్లాడే తెలుగూ ఒకే వలస నుంచి వచ్చాయి. కాని ఒకరు ధర్మనిధి స్థాపించే స్థితికి చేరారు. మరొకరి పిల్లలు బడి గుమ్మం చేరడానికే తరాలు పట్టింది. భాష ఒకటైనంత మాత్రాన సహాయం దానంతట అదే ప్రవహించదని ఈ చరిత్ర నేర్పుతున్నది. కులసంఘాలు తమవారి పిల్లలకు హాస్టళ్లూ ఉపకారవేతనాలూ ఏర్పాటు చేసుకున్నాయి. సంపద ఉన్న సంఘానికి అది సాధ్యం. సంపదే లేని సంఘానికి సంఘం ఉన్నా నిధి ఉండదు.

ఈ లోటును గుర్తించి కృషి చేసినవారు ఆ సమాజం నుంచే వచ్చారు. మద్రాసులో ఎల్.సి. గురుస్వామి 1920ల్లో పగలంతా పనిచేసే అరుంధతీయుల కోసం రాత్రిబడులు నడిపించారు, శాసనమండలిలో వారి గొంతు వినిపించారు. చాలా కాలానికి, 2009లో, తమిళనాడు ప్రభుత్వం షెడ్యూల్డు కులాల 18 శాతం రిజర్వేషనులో 3 శాతం అరుంధతీయులకు ప్రత్యేకంగా కేటాయిస్తూ చట్టం చేసింది. షెడ్యూల్డు కులాలలో ఉపవర్గీకరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో తీర్పు చెప్పింది. దాతలు పూర్తిగా చేయలేకపోయిన పనిని చట్టం కొంతవరకు చేసింది.

భాష ఎక్కడ?

తెలుగు దాతలు ఇన్ని సంస్థలు పెట్టినా వాటిలో తెలుగుకు పెద్ద స్థానం దక్కలేదు. దీనికి దాతలను తప్పుపట్టడం సులభం. కాని కారణం లేకపోలేదు. వారు చదువు చెప్పదలచింది తమ ఊరివారికి. ఊరి భాష తమిళం, ఉద్యోగం భాష ఇంగ్లీషు. భాషకు నిధి రాయాలన్న ఆలోచన కలగాలంటే భాష పోతుందన్న భయం ముందు కలగాలి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేవరకు మద్రాసు రాష్ట్రంలో తెలుగు అల్పసంఖ్యాకుల భాష కాదు. ఆ తరువాతనే ఇక్కడి తెలుగువారు ‘భాషా అల్పసంఖ్యాకులు’ అనే కొత్త పేరుతో తమను తాము చూసుకోవలసి వచ్చింది.

రాజ్యాంగంలోని 30వ అధికరణం అల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలు నెలకొల్పే హక్కు ఇచ్చింది. 1956లో చేర్చిన 350-ఏ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధన గురించి చెప్పింది. మదురై పసుమలైలో 1974లో ప్రారంభమైన మన్నర్ తిరుమలై నాయక్కర్ కళాశాల భాషా అల్పసంఖ్యాక సంస్థ. ఇంజనీరింగు ప్రవేశాలలో ఇటువంటి సంస్థలు ప్రభుత్వ కోటాకు 65 శాతానికి బదులు 50 శాతం సీట్లు ఇస్తే చాలు. మిగిలిన వాటిలో తెలుగు మాతృభాషగా గలవారికి చోటు ఉంటుంది. ఇప్పుడు అర్జీలో కొత్త గడి వచ్చింది: మాతృభాష. అయితే ఆ గడి అడిగేది పుట్టుకనే కాని పరిజ్ఞానాన్ని కాదు. తెలుగు అక్షరం రాని విద్యార్థి కూడా తాను తెలుగువాణ్ణని పత్రం చూపవచ్చు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం బడిలో తమిళాన్ని తప్పనిసరి చేయడంతో, తెలుగును మొదటి భాషగా చదివే మార్గం మరింత ఇరుకైంది. నోబిలి నాటి మదురైలో పుట్టుక చదువును తెచ్చింది. ఇప్పుడు పుట్టుక సీటును తెస్తున్నది గాని భాషను తేవడం లేదు.

ముగింపు

ఈ నాలుగు శతాబ్దాల కథలో ప్రశ్న మెల్లమెల్లగా మారుతూ వచ్చింది. ఏ కులంవాడివి, ఏ మతంవాడివి అన్న ప్రశ్నల నుంచి, నీ అవసరం ఏమిటి అన్న ప్రశ్న దాకా వచ్చాం. తమిళనాడు ప్రభుత్వం 2010-11 నుంచి వృత్తివిద్యలో కుటుంబపు మొదటి పట్టభద్రులకు ఫీజు రాయితీ ఇచ్చింది. ప్రభుత్వ బడిలో చదివి కళాశాలకు వెళ్లే అమ్మాయిలకు 2022 నుంచి నెలకు వెయ్యి రూపాయల సహాయం మొదలైంది. అబ్బాయిలకు అటువంటి పథకాన్ని 2024 ఆగస్టులో కోయంబత్తూరులోనే ప్రారంభించారు. మొదటి పట్టభద్రుల రాయితీలో ‘మీ ఇంట్లో ఇంతకు ముందు ఎవరైనా పట్టభద్రులు ఉన్నారా?’ అన్న ప్రశ్నకు ‘లేరు’ అన్న సమాధానమే అర్హత. ఒకప్పుడు ద్వారం మూసిన సమాధానం ఇప్పుడు ద్వారం తెరుస్తున్నది. పాత ప్రశ్నలు పూర్తిగా పోలేదన్నదీ నిజమే. ఇప్పటికీ ఒకే ఫారంలో అవన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి.

ఆంధ్ర, తెలంగాణలకు వెలుపల చదువుకుంటున్న తెలుగు విద్యార్థులకు ఈ చరిత్ర చెప్పే మాటలు రెండు. ట్రస్టుకో, సంఘానికో, ప్రభుత్వానికో అర్జీ పెట్టుకోవడం చేయి చాచడం కాదు. మహాకవి కూడా పదిహేనో యేట ఆ పని చేశాడు. ధర్మానికి రాసిన వాటాలో అర్హుడైన విద్యార్థికి భాగం ఉంది, అందుకే దాన్ని రాశారు. కనుక అడగడానికి సంకోచించనక్కరలేదు. ఏ నిధి ఏ నిబంధనతో ఏర్పడిందో తెలుసుకొని అడిగితే మరీ మంచిది. ఇక రెండవది. మీ తాతలు వారాలు చేసుకున్నారో, మిల్లు హాస్టల్లో ఉన్నారో, రాత్రిబడికి వెళ్లారో, అసలు బడి ముఖమే చూడలేదో ఇంట్లో అడిగి రాసి ఉంచండి. పాత ఉపకారవేతన పత్రం, ఫీజు రసీదు దొరికితే పారేయకండి. రాజుల దానాలకు శాసనాలున్నాయి. ఆ దానం అందుకున్నవారి మాట, అందనివారి మాట ఎక్కడా చెక్కి లేదు. ఆ మాట దొరికినప్పుడే ఈ ప్రాంతపు తెలుగువారి విద్యాచరిత్ర పూర్తి అవుతుంది.